అన్నా మే వాంగ్: అంత పెద్ద స్టార్‌కి పెద్ద సినిమాల్లో హీరోయిన్ వేషం ఎందుకు దక్కలేదు?

2022 అక్టోబరులో అమెరికా టంకశాల విడుదల చేసిన పావు డాలర్ నాణెం మీద ఒక సినిమా నటి కనిపిస్తుంది. చేతి మీద తల ఆనించుకుని ఉంటుంది. చుట్టూ పాతకాలపు సినిమా హాలు ముందు వెలిగే బల్బుల వరస. ఆమె పేరు అన్నా మే వాంగ్. ఆసియా మూలాలున్న ఒక అమెరికన్ బొమ్మ ఆ దేశపు నాణెం మీదికి ఎక్కడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది ఆమె రూపంలో బార్బీ బొమ్మ కూడా వచ్చింది. అప్పటి నుంచి ఆమె గురించి రాసేవాళ్లంతా దాదాపు ఒకే మాట రాస్తున్నారు: హాలీవుడ్‌లో తొలి చైనీస్ అమెరికన్ స్టార్, జాతి వివక్ష వల్ల ఎదగలేకపోయింది అని.

ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ అంతటితో ఆగితే ఆమెకు జరిగింది అర్థం కాదు. మూకీల కాలం నుంచి టీవీ దాకా నాలుగు దశాబ్దాలు తెర మీద ఉన్న మనిషి ఆమె. లండన్, బెర్లిన్ నగరాల్లో జనం ఆమె కోసం హాళ్లకు వెళ్లారు. అయినా హాలీవుడ్ పెద్ద స్టూడియోలు భారీ ఖర్చుతో చైనా కథ తీసినప్పుడు హీరోయిన్ వేషం ఇంకెవరికో వెళ్లింది. ఇది ఒక దర్శకుడి పక్షపాతమో, ఒక నిర్మాత దుర్మార్గమో కాదు. పెళ్లి చట్టాలు, పౌరసత్వ చట్టాలు, సినిమా పరిశ్రమ తనకు తాను రాసుకున్న నియమావళి, టికెట్ల లెక్క, చైనా ప్రభుత్వ పరువు పట్టింపు అన్నీ కలిసి ఆమెకు నిలబడే చోటే లేకుండా చేశాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే తప్ప ఆమె జీవితం సరిగ్గా అర్థం కాదు.

లాండ్రీ ఇంటి పిల్ల, సినిమా పిచ్చి

1905 జనవరి 3న లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది. ఇంట్లో పెట్టిన పేరు వాంగ్ లియు సాంగ్. చైనా పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది కాబట్టి వాంగ్ అనేది ఇంటిపేరు. తండ్రి లాండ్రీ నడిపేవాడు. ఆయన కూడా కాలిఫోర్నియాలోనే పుట్టాడు. అంటే ఆ కుటుంబం అమెరికాకు వచ్చి అప్పటికే రెండు తరాలు దాటింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే జీవితాంతం ఆమెను పత్రికలు విదేశీ వింతగానే చూపించాయి. పక్క రాష్ట్రాల నుంచి లాస్ ఏంజెలెస్‌కి వచ్చి స్థిరపడిన చాలామంది తెల్ల నటీమణుల కంటే ఆ ఊరికి ఆమే అసలైన లోకల్.

బడిలో తెల్ల పిల్లలు ఏడిపిస్తుంటే ఇంట్లోవాళ్లు చర్చివాళ్లు నడిపే చైనా పిల్లల బడిలో చేర్చారు. అప్పటికి సినిమా కంపెనీలు న్యూయార్క్ వైపు నుంచి లాస్ ఏంజెలెస్‌కి తరలివస్తున్నాయి. చైనాటౌన్ వీధుల్లో షూటింగులు జరిగేవి. ఈ అమ్మాయి బడి ఎగ్గొట్టి, మధ్యాహ్న భోజనం డబ్బులు దాచి సినిమాలు చూసేది, షూటింగ్ కనిపిస్తే అక్కడే నిలబడిపోయి సిబ్బందిని ప్రశ్నలతో విసిగించేది. పదకొండేళ్లకే అన్నా మే వాంగ్ అని తెర పేరు కూడా పెట్టేసుకుంది. 1919లో వచ్చిన 'ది రెడ్ లాంతర్న్' కోసం వందల మంది చైనా జూనియర్ ఆర్టిస్టులు కావాల్సి వచ్చినప్పుడు లాంతరు పట్టుకుని నడిచే గుంపులో ఆమెకు చోటు దొరికింది. తండ్రికి ఇష్టం లేదు. అయినా 1921లో చదువు మానేసి పూర్తిగా సినిమాల్లోకి వచ్చేసింది.

17 ఏళ్లకే హీరోయిన్, ఆ తర్వాత దాసి

1922 నవంబరులో విడుదలైన 'ది టోల్ ఆఫ్ ది సీ'లో ఆమే హీరోయిన్. అప్పటికి ఆమె వయసు 17. ఎరుపు, ఆకుపచ్చ రంగులతో మాత్రమే పనిచేసే తొలినాటి టెక్నికలర్ పద్ధతిలో తీసిన సినిమా అది. ఆ కంపెనీకి తమ రంగులు ఎంత బాగుంటాయో చూపించుకోవడం ముఖ్యం, స్టార్ పేరు కాదు. ఆమెకు అవకాశం రావడానికి అదీ ఒక కారణం అయ్యుంటుంది.

కథ పాత బాణీదే. సముద్రం ఒడ్డున కొట్టుకొచ్చిన అమెరికన్‌ని లోటస్ ఫ్లవర్ అనే చైనా అమ్మాయి కాపాడుతుంది. పెళ్లి చేసుకున్నామనుకుంటుంది. అతను తిరిగి వెళ్లిపోతాడు. కొన్నేళ్లకు తెల్ల భార్యతో వస్తాడు. ఆమె కొడుకును వాళ్ల చేతుల్లో పెట్టి సముద్రంలోకి నడిచి వెళ్లిపోతుంది. కొడుకుతో నీ అసలు తల్లి నేను కాదు, ఈ తెల్లావిడే అని చెప్పే చోట వాంగ్ ముఖం చూడండి. మూకీల్లో మామూలుగా ఉండే చేతుల ఊపుడు, కళ్లు తేలేయడం ఏమీ ఉండవు. కళ్లలో నీళ్లు నిండి, కిందికి జారే దాకా కెమెరా ఆమె మీదే ఉంటుంది. ఆ వయసు పిల్లకి అంత నిగ్రహం ఎక్కడి నుంచి వచ్చిందా అనిపిస్తుంది.

ఈ ఒక్క సినిమాలోనే ఆమె తర్వాతి జీవితం మొత్తానికి కావలసిన మూస ఉంది. చైనా స్త్రీ తెల్లవాణ్ణి ప్రేమించవచ్చు, కానీ చివర్లో చచ్చిపోవాలి. విమర్శకులు ఈ రకం పాత్రను 'బటర్‌ఫ్లై' అంటారు: మెత్తనిది, త్యాగశీలి, చావుకు సిద్ధంగా ఉండేది. దీనికి ఎదురుగా ఉండే రెండో మూస 'డ్రాగన్ లేడీ'. అందగత్తె, మాయలాడి, నమ్మితే కత్తి దించేది. మన సినిమాల్లో పాతకాలపు వ్యాంప్ పాత్రకు జాతి రంగు పులిమితే అలా ఉంటుంది. బటర్‌ఫ్లై మంచిది కాబట్టి చస్తుంది, డ్రాగన్ లేడీ చెడ్డది కాబట్టి చస్తుంది. తన సమాధి మీద వెయ్యిసార్లు చచ్చిపోయిందని రాయాలని వాంగ్ తర్వాతి రోజుల్లో అనేది. ఆమె సినిమాల జాబితా చూస్తే ఆ మాట వెనకున్న బాధ తెలుస్తుంది.

1924లో స్టార్ హీరో డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ సినిమా 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో మంగోలు దాసిగా వేసింది. చిన్న వేషమే, కానీ పేరు దేశమంతా పాకింది. అదే ఏడాది 'పీటర్ పాన్'లో అమెరికా ఆదివాసీ అమ్మాయి టైగర్ లిల్లీ. చైనా అమ్మాయి అయితే చాలు, తెల్లవాళ్లు కాని ఏ జాతికైనా సరిపోతుందని స్టూడియోల లెక్క. చైనా కథలకు మాత్రం ఆ లెక్క తిరగబడేది. 1927లో వచ్చిన 'మిస్టర్ వూ'లో చైనా తండ్రి పాత్ర లాన్ చానీది, కూతురి పాత్ర ఫ్రెంచి నటి రెనే అడోరీది. ఇద్దరూ తెల్లవాళ్లే. వాంగ్‌కి దక్కింది పక్క పాత్ర.

తెల్ల నటులు మేకప్‌తో కళ్ల ఆకారం మార్చుకుని, రంగు పూసుకుని ఆసియావాళ్లుగా వేయడాన్ని 'ఎల్లోఫేస్' అంటారు. స్వీడన్‌లో పుట్టిన వార్నర్ ఓలాండ్ ఈ పద్ధతిలోనే ఫూ మాంచు అనే విలన్‌గా, చార్లీ చాన్ అనే డిటెక్టివ్‌గా పేరు సంపాదించాడు. ఏ నటుడైనా ఏ పాత్రైనా వేయవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. అది రెండు వైపులా చెల్లితే మంచి మాటే. ఓలాండ్ చైనావాడిగా వేయగలిగాడు. వాంగ్ మాత్రం తెల్ల అమ్మాయిగా ఒక్క వేషం కూడా వేయలేకపోయింది.

తెర బయటి చట్టాలు: పెళ్లి, పౌరసత్వం

1882లో వచ్చిన చైనీయుల నిషేధ చట్టం కింద చైనా కూలీలు అమెరికాలోకి రాకూడదు, అప్పటికే ఉన్న చైనీయులు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టకూడదు. 1943 దాకా ఇదే నడిచింది. అయితే అమెరికా గడ్డ మీద పుట్టినవాళ్ల సంగతేమిటి? శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే వంటవాడు ఈ ప్రశ్నతో సుప్రీంకోర్టుకెక్కాడు. ఇక్కడ పుట్టావు కాబట్టి నువ్వు అమెరికన్‌వే అని కోర్టు 1898లో చెప్పింది. ఇంటిపేరు ఒకటే అయినా నటికి చుట్టం కాదు. కానీ ఆమె పౌరసత్వానికి బలమైన ఆధారం ఆ తీర్పే. 2025 జనవరిలో ట్రంప్ పుట్టుక పౌరసత్వం మీద ఉత్తర్వు ఇచ్చినప్పుడు, హెచ్1బీ మీద ఉన్న మన తెలుగు కుటుంబాలు పుట్టబోయే బిడ్డ గురించి టెన్షన్ పడినప్పుడు, కోర్టుల్లో మళ్లీ మళ్లీ వినిపించిన పేరు కూడా ఈ కిమ్ ఆర్క్‌దే.

తీర్పు ఉన్నా అనుమానం పోలేదు. అన్నా మే వాంగ్ విదేశాలకు వెళ్లాలంటే ప్రతిసారీ ముందుగా ఒక ఫారం నింపాలి. తాను అమెరికా పౌరురాలినని చెప్పుకుంటున్న చైనా జాతి వ్యక్తి పెట్టుకునే దరఖాస్తు అని ఆ ఫారం పేరులోనే ఉంటుంది. వెళ్లాక తిరిగి రానిస్తారో లేదో ముందే తేల్చుకోవడానికి అది. పోస్టర్ల మీద బొమ్మ పడే తారకి కూడా మినహాయింపు లేదు.

ఇక పెళ్లి. 1925లో కాలిఫోర్నియాలో ఉన్న వాంగ్‌కి ఎవరిని పెళ్లాడే వీలుందో లెక్క వేసి చూద్దాం. తెల్లవాణ్ణి చేసుకోవాలంటే రాష్ట్ర చట్టం ఒప్పుకోదు, తెల్లవాళ్లకీ 'మంగోలియన్ల'కీ, అంటే చైనీయుల్లాంటివాళ్లకీ, పెళ్లి చెల్లదని రాసి ఉంది. ఆ చట్టాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది 1948లో. చైనాలో పుట్టినవాణ్ణి చేసుకోవచ్చు, కానీ 1922 నాటి కేబుల్ చట్టం ప్రకారం పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం పోగొట్టుకుంటుంది. ఆ నియమం 1931లో తొలగింది. మిగిలింది అమెరికాలోనే పుట్టిన చైనా కుర్రాడు. వాళ్ల ఇళ్లలో సినిమాల్లో వేసే పిల్లను కోడలిగా తెచ్చుకోవడం అంటే పరువు తక్కువ. ఆమె పెళ్లి చేసుకోలేదు. పత్రికలు అందులో విఫల ప్రేమలు వెతికాయి. నాకైతే ముందు ఈ చట్టాలే కనిపిస్తాయి.

అర్హత లేని విదేశీయులు అన్న ఆ మాటలో మనవాళ్లూ ఉన్నారు. భగత్ సింగ్ థిండ్ కేసులో 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి పనికిరారని చెప్పింది. భీమవరంలో పుట్టి 1920లలో బోస్టన్ చేరి గొప్ప మందుల పరిశోధన చేసిన యల్లాప్రగడ సుబ్బారావు రెండు దశాబ్దాలకు పైగా ఆ నిబంధన కిందే బతికారు. భారతీయులకు ఆ తలుపు తెరిచిన చట్టం 1946లో వచ్చింది.

యూరప్‌లో దొరికిన ఊపిరి, అక్కడా ఒక గీత

1928లో ఆమె యూరప్ వెళ్లిపోయింది. చంపించుకోవడానికే పిలిచే వేషాలతో విసిగిపోయానని తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. తెర మీద చైనావాళ్లు ఎప్పుడూ క్రూరులుగా, నమ్మకద్రోహులుగానే ఎందుకుంటారు, మేం అలాంటివాళ్లం కాదు కదా అని 1930లలో ఒక పత్రికతో సూటిగానే అంది. స్టూడియోలతో పని ఉన్న నటి అలా మాట్లాడటానికి ధైర్యం కావాలి.

జర్మనీలో రిషార్డ్ ఐష్‌బెర్గ్ సినిమాల్లో ఆమె పేరే పోస్టర్ మీద పైన ఉండేది. బెర్లిన్‌లో రచయిత వాల్టర్ బెన్యమిన్ ఆమెను కలిసి వ్యాసం రాశాడు. 1929లో లండన్ రంగస్థలం మీద 'ది సర్కిల్ ఆఫ్ చాక్' నాటకంలో ఆమెతో పాటు నటించినవారిలో అప్పటికి కుర్రాడైన లారెన్స్ ఒలివియే ఉన్నాడు. చైనా అమ్మాయి నోటి నుంచి కాలిఫోర్నియా యాస రావడం అక్కడి విమర్శకులకు నచ్చలేదు. ఆమె డబ్బు పెట్టి ఉచ్చారణ పాఠాలు చెప్పించుకుంది. జర్మన్, ఫ్రెంచ్ నేర్చుకుంది. టాకీలు మొదలైన కొత్తలో డబ్బింగ్ సౌకర్యం సరిగ్గా లేక ఒకే సినిమాను భాషకో వెర్షన్‌గా మళ్లీ తీసేవారు. 1930లో ఐష్‌బెర్గ్ అలా మూడు భాషల్లో తీసిన సినిమాలో మూడింటిలోనూ ఆమె తన గొంతుతోనే మాట్లాడింది.

ఈ కాలంలో అందరూ చెప్పే సినిమా 'పికడిల్లీ' (1929), దర్శకుడు ఇ.ఎ. డ్యూపాంట్. లండన్‌లో ఒక ఖరీదైన నైట్‌క్లబ్. గిన్నెలు తోమే గదిలో పనిపిల్లల మధ్య బల్ల ఎక్కి షోషో అనే చైనా అమ్మాయి నాట్యం చేస్తుంటుంది. ఆవిరి, నురగ, ఆమె చిరిగిన మేజోళ్లు. తుంటి ఊపు నెమ్మదిగా ఉంటుంది, కళ్లు ఎవరినీ చూడవు. తలుపు దగ్గర నిలబడ్డ యజమాని పనిలోంచి తీసేయడానికి వచ్చి చూస్తూ ఉండిపోతాడు. తర్వాత అదే అమ్మాయి అతని క్లబ్బుకే ఆకర్షణ అవుతుంది. కాంట్రాక్టు మీద సంతకం పెట్టే చోట ఆమె ధీమా చూసి తీరాలి.

అదే సినిమాలో మరో సన్నివేశం ఉంది. పేదల పేటలో ఒక తాగుడు హోటల్‌కి ఇద్దరూ వెళ్తారు. అక్కడ ఒక తెల్లావిడ నల్లజాతి మనిషితో నాట్యం చేస్తుంది. హోటల్ వాళ్లు ఆమె మీద విరుచుకుపడి బయటికి నెడతారు. షోషో, యజమాని ఏమీ అనకుండా ఒకరినొకరు చూసుకుంటారు. తమ సంగతి కూడా ఇంతేనని ఇద్దరికీ అర్థమవుతుంది. ప్రేక్షకులకూ అర్థమవుతుంది. ఆ సినిమాలోనే వాళ్లిద్దరి ముద్దును కోసేశారు. షోషో చివర్లో చనిపోతుంది. హాలీవుడ్ కంటే యూరప్ ఆమెను గౌరవంగా చూసిందన్నది నిజం, గీత మాత్రం అక్కడా ఉంది. 1934లో బ్రిటన్‌లోనే తీసిన 'జావా హెడ్'లో తెల్ల హీరోకి భార్యగా వేసి అతన్ని ముద్దు పెట్టుకుంది. హీరోని ఆమె ముద్దాడిన సినిమా అదొక్కటే.

తిరిగి హాలీవుడ్‌లో: పారితోషికం చెప్పే నిజం

పారమౌంట్ స్టూడియో పిలిస్తే 1930ల మొదట్లో తిరిగొచ్చింది. మొదట ఇచ్చింది 'డాటర్ ఆఫ్ ది డ్రాగన్' (1931). ఫూ మాంచు కూతురి వేషం, సినిమా పేరే ఆమె పాత్ర మీద. ఆమెకు ఇచ్చింది 6,000 డాలర్లు. తండ్రిగా 23 నిమిషాలు మాత్రమే కనిపించే వార్నర్ ఓలాండ్‌కి 12,000. జపాన్ నటుడు సెస్యూ హయకావాకి 10,000. పని ఎవరిది ఎక్కువ, డబ్బు ఎవరికి ఎక్కువ అన్నది ఈ మూడు అంకెల్లోనే ఉంది.

మరుసటి ఏడాది జోసెఫ్ వాన్ స్టెర్న్‌బెర్గ్ తీసిన 'షాంఘై ఎక్స్‌ప్రెస్'లో మార్లీన్ డీట్రిచ్ హీరోయిన్, వాంగ్ తోటి ప్రయాణికురాలు హుయ్ ఫే. రైలు పెట్టెలో ఒంటరిగా పేకముక్కలు పేర్చుకుంటూ, ఎవరు ఏమన్నా తల ఎత్తకుండా ఉంటుంది. తనను చెరిచిన తిరుగుబాటు సేనానిని చీకట్లో పొడిచి చంపి, ప్రయాణికులందరి ప్రాణాలు నిలబెట్టేది ఆమే. విచిత్రంగా ఇందులో బతికే ఉంటుంది. ఆ సేనాని వేషంలో ఉన్నది కూడా వార్నర్ ఓలాండే.

అసలు చిక్కుముడి: 'ది గుడ్ ఎర్త్'

పెర్ల్ బక్ నవల 'ది గుడ్ ఎర్త్' 1931లో వచ్చి పులిట్జర్ గెలుచుకుంది. చైనా రైతు వాంగ్ లుంగ్, అతని భార్య ఓలాన్ కథ. ఎమ్‌జీఎమ్ స్టూడియో భారీ ఖర్చుతో సినిమా మొదలుపెట్టింది. ఓలాన్ విలన్ కాదు, వ్యాంప్ కాదు. కరువులో పిల్లల్ని బతికించుకునే తల్లి. వాంగ్ ఏళ్లుగా ఎదురుచూసిన పాత్ర. పత్రికలు కూడా ఆమె పేరే రాశాయి.

ఇక్కడ హేస్ కోడ్ అంటే ఏమిటో తెలియాలి. మన సెన్సార్ బోర్డు ప్రభుత్వానిది. ఇది మాత్రం అమెరికా నిర్మాతల సంఘం తనకు తాను రాసుకున్న నియమావళి. సంఘం పెద్ద విల్ హేస్ పేరు దానికి వచ్చింది. 1930లో రాశారు, 1934 నుంచి గట్టిగా అమలు చేశారు. కోడ్ ఆఫీసు ముద్ర లేని సినిమాను పెద్ద హాళ్లు వేసేవి కావు. అందులో ఒక నిషేధం వేర్వేరు జాతుల మధ్య శృంగారం మీద. అక్షరాలా చూస్తే తెల్ల, నల్ల జాతుల గురించే రాసి ఉంది. ఆచరణలో స్టూడియోలు ఆసియావాళ్ల విషయంలోనూ జంకేవి. ఆ నిషేధాన్ని తీసేసింది 1956లో.

ఇప్పుడు లెక్క చూడండి. రైతు వాంగ్ లుంగ్ పాత్రకు స్టూడియో పాల్ మునిని తీసుకుంది. ముని తెల్లవాడు, ఎల్లోఫేస్‌లో వేస్తాడు. కథలో భార్యాభర్తలిద్దరూ చైనావాళ్లే, కాబట్టి ఏ అభ్యంతరమూ ఉండకూడదు. కానీ కోడ్ భయం పాత్రల జాతితో కాదు, నటుల జాతితో. ముని పక్కన భార్యగా వాంగ్ వేస్తే తెర మీద తెల్ల మగవాడు, చైనా ఆడది ఒకే మంచం మీద ఉన్నట్టు. అందుకని చైనా రైతు భార్య పాత్రకు నిజమైన చైనా మూలాలున్న నటి పనికిరాకుండా పోయింది. ఓలాన్ వేషం జర్మనీలో పుట్టిన లూయిస్ రైనర్‌కి వెళ్లింది. ఆ పాత్రకే ఆమె ఉత్తమ నటి ఆస్కార్ అందుకుంది.

వాంగ్‌ని లోటస్ పాత్రకు పరీక్షించారు. ఆ కుటుంబాన్ని చీల్చే ఉంపుడుగత్తె వేషం అది. ఓలాన్ ఇస్తే సంతోషంగా చేస్తాననీ, చైనా పాత్రలను అమెరికన్లు వేస్తున్న సినిమాలో సానుభూతి లేని ఒకే ఒక్క పాత్రను చైనా రక్తం ఉన్న తనను వేయమనడం ఏమిటనీ ఆమె అడిగింది. లోటస్‌గా ఆస్ట్రియా నర్తకి టిల్లీ లోష్ వేసింది.

కారణం కోడేనా అన్న దగ్గర చరిత్రకారులు ఒక్క మాట మీద లేరు. కోడే అడ్డుపడిందన్నది ఎక్కువ మంది చెప్పే మాట. దాన్ని ఒప్పుకోనివాళ్లు కోడ్ పాఠంలో ఆసియావాళ్ల ప్రస్తావన లేదనీ, స్టూడియో ఆమెను ఓలాన్‌కి గట్టిగా పరిశీలించినట్టు ఆధారాలు తక్కువనీ, పెద్ద పెట్టుబడికి పెద్ద పేర్లు కావాలన్న వ్యాపార లెక్కే అసలు సంగతనీ అంటారు. మూడో కోణం చైనాది. విదేశీ సినిమాల్లో తమ దేశాన్ని హీనంగా చూపిస్తున్నారని అప్పటి జాతీయవాద ప్రభుత్వానికి కోపం. 'ది గుడ్ ఎర్త్' విషయంలో ఎమ్‌జీఎమ్ ఆ ప్రభుత్వంతో మాట్లాడుకుని వాళ్ల సలహాదారును పెట్టుకుంది. 'షాంఘై ఎక్స్‌ప్రెస్' వంటి సినిమాల వల్ల వాంగ్ పేరు చైనాలో బాగా చెడి ఉందన్న మాట స్టూడియోకి చేరింది.

వీటిలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన అవసరం నాకు కనిపించదు. వీటి వరస ముఖ్యం. హీరో తెల్లవాడై ఉండాలన్నది మొదటి నిర్ణయం. దాన్ని ఏ చట్టమూ, ఏ కోడూ అడగలేదు, స్టూడియో తనంతట తానే తీసుకుంది. అది జరిగిపోయాక మిగతా కారణాలన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి. చైనీస్ అమెరికన్ నటుడు కీ లూక్ అదే సినిమాలో పెద్ద కొడుకుగా వేశాడు. అంటే ఆసియా నటులు దొరకలేదన్న మాటకు తావు లేదు. వాళ్లు కథ మధ్యలోకి రాకూడదు, అంతే.

చైనా వెళ్తే అక్కడేం జరిగింది

1936 మొదట్లో ఓడెక్కి తొలిసారి చైనా వెళ్లింది. పరాయి దేశానికి వెళ్తున్నట్టూ ఉంది, ఇంటికి వెళ్తున్నట్టూ ఉంది అని బయల్దేరే ముందు అంది. షాంఘైలో విందులు, ఫొటోలు. ఇంట్లో మాట్లాడేది దక్షిణాది తైషాన్ మాండలికం కావడంతో అక్కడి జనంతో మాట్లాడాలంటే దుబాసీ కావాల్సి వచ్చింది. తండ్రి పూర్వీకుల ఊరు చూడటానికి వెళ్లే దారిలో హాంకాంగ్ రేవులో గుంపు కోపంతో అరిచింది. చైనాకు తలవంపులు తెచ్చిన మనిషిని ఒడ్డున దిగనివ్వొద్దన్నారు.

వాళ్ల కోపాన్ని తేలిగ్గా తీసేయలేం. జపాన్ దండయాత్ర నీడలో ఉన్న దేశం అది. ప్రపంచం తమను ఎలా చూస్తుందో అన్న ఆందోళన వాళ్లకు బతుకు సమస్య. ఆ కళ్లకు ఫూ మాంచు కూతురు శత్రువులాగే కనిపిస్తుంది. వాంగ్ వైపు నుంచి చూస్తే, ఆ పాత్రలు ఆమె రాసినవి కావు. అవి వద్దంటే వేరేవి రాలేదు. విమర్శించినవాళ్లకు తాను ఓపికగా ఇదే చెప్పింది. పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) చాలా నెలలు ఉండి మాండరిన్, రంగస్థలం నేర్చుకునే ప్రయత్నం చేసింది.

తక్కువ బడ్జెట్ సినిమాల్లో దొరికిన మంచి వేషాలు

తిరిగొచ్చాక పారమౌంట్‌తో కుదిరిన ఒప్పందం గురించి తక్కువ మంది మాట్లాడతారు, నాకు మాత్రం అది ముఖ్యం. ఇవన్నీ చిన్న బడ్జెట్ సినిమాలు, పెద్ద సినిమాకు తోడుగా రెండో ఆటగా వేసేవి. డబ్బు తక్కువ కాబట్టి పైవాళ్ల పట్టింపూ తక్కువ. 'డాటర్ ఆఫ్ షాంఘై' (1937)లో తండ్రిని చంపిన దొంగరవాణా ముఠాను పట్టించే చైనీస్ అమెరికన్ అమ్మాయి ఆమె. హీరో కొరియన్ అమెరికన్ నటుడు ఫిలిప్ ఆన్, ప్రభుత్వ ఏజెంట్ పాత్రలో. ఇద్దరూ నేరగాళ్లను ఓడిస్తారు, చివర్లో పెళ్లి మాట కూడా వస్తుంది. ఎవరూ చావరు. 'కింగ్ ఆఫ్ చైనాటౌన్' (1939)లో సర్జన్.

'ది గుడ్ ఎర్త్' విడుదలైన సంవత్సరంలోనే 'డాటర్ ఆఫ్ షాంఘై' కూడా వచ్చింది. హీరోగా ఆసియా నటుణ్ణి పెట్టగానే కోడ్ సమస్య దానంతట అదే మాయమైందని ఈ రెండూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 2006లో ఈ చిన్న సినిమాను అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేర్చారు.

యుద్ధకాలంలో 'లేడీ ఫ్రమ్ చుంగ్‌కింగ్' లాంటి సినిమాల్లో వేసి, ఆ పారితోషికాన్ని చైనా సహాయ నిధికి ఇచ్చేసింది. 1943లో అప్పటి చైనా అధినేత చాంగ్ కైషేక్ భార్య హాలీవుడ్‌కి వచ్చినప్పుడు జరిగిన పెద్ద సభ వేదిక మీద తెల్ల తారలు బారులు తీరారు. వాంగ్‌కి పిలుపు లేదు.

టీవీలో సొంత పేరుతో

1951లో డుమాంట్ అనే టీవీ నెట్‌వర్క్ 'ది గ్యాలరీ ఆఫ్ మేడమ్ లియు సాంగ్' మొదలుపెట్టింది. కళాఖండాలు అమ్ముతూ నేరాలు ఛేదించే మహిళ కథ. ఆసియా అమెరికన్ ప్రధాన పాత్రగా అమెరికాలో వచ్చిన తొలి టీవీ సిరీస్ ఇదే. పాత్ర పేరు వాంగ్ అసలు పేరే. వారానికి అరగంట చొప్పున ఆగస్టు నుంచి నవంబరు దాకా నడిచి ఆగిపోయింది. ఒక్క ఎపిసోడ్ కాపీ కూడా మిగల్లేదు. డుమాంట్ మూతబడ్డాక దాని ఫిల్ములను 1970లలో న్యూయార్క్ తీరపు నీళ్లలో పారబోశారని నటి ఈడీ ఆడమ్స్ 1996లో ఒక విచారణలో చెప్పింది. వాంగ్ నటన జీవితంలో అత్యంత స్వేచ్ఛగా దొరికిన పాత్ర ఎలా చేసిందో ఇక ఎవరమూ చూడలేం.

1960లో 'పోర్ట్రెయిట్ ఇన్ బ్లాక్'లో లానా టర్నర్ ఇంట్లో పనిమనిషి వేషం వేసింది. అదే ఏడాది హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో నక్షత్రం వచ్చింది. నటులు దాదాపు అంతా ఆసియావాళ్లతో తీస్తున్న 'ఫ్లవర్ డ్రమ్ సాంగ్'లో మేడమ్ లియాంగ్ పాత్రకు ఆమెను అనుకున్నారు. ఆరోగ్యం సహకరించలేదు. 1961 ఫిబ్రవరి 3న గుండెపోటుతో, 56 ఏళ్ల వయసులో సాంటా మోనికాలో చనిపోయింది. ఆ చైనా పాత్రను చివరికి నల్లజాతి నటి వానీటా హాల్ వేసింది.

దాచుకున్న మూలాలు, దాచని మూలాలు

2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన రాత్రి మనవాళ్లంతా టీవీల ముందున్నారు. అదే వేడుకలో మలేసియా నటి మిషెల్ యో ఉత్తమ నటి అయింది. ఆ వార్తల్లో తాను ఆసియా వ్యక్తినని చెప్పుకున్న వాళ్లలో ఈ అవార్డు గెలిచిన తొలి నటి అన్న మాట చాలా చోట్ల వచ్చింది. చెప్పుకున్న అని ఎందుకంటే, 1935 సినిమాకు ఉత్తమ నటి నామినేషన్ పొందిన మెర్ల్ ఒబెరాన్ బొంబాయిలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. ఆ సంగతి దాచి, ఆస్ట్రేలియాలో పుట్టానని చెప్పుకుంటూ తెల్లనటిగా బతికింది. అందుకే ఆమెకు ప్రేమకథల్లో హీరోయిన్ వేషాలు వచ్చాయి, జీవితమంతా ఆ అబద్ధాన్ని కాపాడుకోవాల్సి వచ్చింది. వాంగ్ ముఖంతో ఆ దారి పట్టడం కుదరదు. ఆమె పట్టాలని చూసినట్టు కూడా ఎక్కడా కనిపించదు.

చనిపోయాక కొన్ని దశాబ్దాల పాటు ఆసియా అమెరికన్లలోనే చాలామంది ఆమె పేరు ఎత్తడానికి ఇబ్బంది పడ్డారు. తమను వెక్కిరించడానికి వాడిన మూసలన్నిటికీ ఆమె ముఖమే గుర్తొచ్చేది. తర్వాతి తరం పరిశోధకులు అదే పాత్రల్లో వేరేది చూశారు: హుయ్ ఫే మౌనం, షోషో ధీమా, రాసినవాడు ఇవ్వని గౌరవాన్ని పాత్రకు ఆమె తెచ్చిపెట్టిన తీరు. మొదటివాళ్ల బాధ నిజం. రెండోవాళ్లు చూసింది కూడా తెర మీద కనిపిస్తూనే ఉంది. 'ది టోల్ ఆఫ్ ది సీ' 1985లో పునరుద్ధరించినప్పుడు చివరి భాగం దొరకలేదు. ఆ రెండు రంగుల కెమెరాల్లోనే ఒకటి సంపాదించి పసిఫిక్ సముద్రాన్ని కొత్తగా చిత్రీకరించి అతికించారు. ఆ సినిమా, 'పికడిల్లీ', 'డాటర్ ఆఫ్ షాంఘై' మూడూ ఇప్పుడు దొరుకుతున్నాయి. ఆమె విషయంలో ఎవరి మాట సరైనదో తేల్చుకోవాలనుకునేవారికి ఈ మూడూ చాలు.